ఎదుటివాళ్లు మన పేజీకి లింకు ఎందుకు ఇవ్వాలి?

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినబడుతోందా? సరే, మొదలుపెడదాం.

లోపలికి వస్తుంటే నలుగురైదుగురు ఆపి ఒకటే మాట అడిగారు. "మా సైటు గూగుల్ మొదటి పేజీలోకి రావాలంటే ఎన్ని బ్యాక్‌లింకులు కావాలండీ?" అని. బ్యాక్‌లింకు అంటే బయటి సైటు నుంచి మన పేజీకి వచ్చే లింకు. అందరూ 'ఎన్ని' అనే అడుగుతున్నారు. ఈ రోజు ఆ ప్రశ్నను కాస్త పక్కన పెడదాం. దాని బదులు ఇంకో ప్రశ్న వేసుకుందాం. మనమెవరో తెలియని ఒక మనిషి, తన సైటులో, తన పాఠకుల ముందు, మన పేజీకి లింకు ఎందుకు ఇవ్వాలి? ఆ మనిషికి దానితో పనేమిటి? దీనికి మన దగ్గర జవాబు ఉంటే లింకులు వస్తాయి. లేకపోతే కొనుక్కోవడానికి వెళ్తాం, వెళ్లి ఇరుక్కుంటాం. నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

అసలు లింకుకు ఇంత విలువ ఎక్కడి నుంచి వచ్చింది? కొంచెం వెనక్కి వెళ్దాం. 1990ల మధ్యలో సెర్చ్ ఇంజిన్లు ముఖ్యంగా పేజీలో ఏ మాటలున్నాయో చూసేవి. అంటే పేజీ తన గురించి తాను ఏం చెప్పుకుంటే దాన్నే నమ్మాలి. ఇంకేముంది, ఒకే మాటను పేజీ అడుగున పదే పదే, తెల్లటి నేపథ్యం మీద తెల్లటి అక్షరాలతో రాసి దాచేవాళ్లు తయారయ్యారు. ఆ సమయంలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ (తర్వాత గూగుల్‌ను స్థాపించినవాళ్లు) వేరే దారి పట్టారు. వాళ్ల ప్రాజెక్టుకు మొదట పెట్టుకున్న పేరు బ్యాక్‌రబ్. ఒక పేజీకి బయటి నుంచి ఎవరెవరు లింకు ఇస్తున్నారో చూడటమే దాని పని. శాస్త్రవేత్తలు తమ పత్రాల్లో ఇతరుల పత్రాలను ఉటంకిస్తారు కదా. ఎక్కువమంది ఉటంకించిన పత్రానికి గౌరవం ఎక్కువ. అదే ఆలోచనను వెబ్‌కు పట్టుకొచ్చారు. 1998లో వాళ్లు వెలువరించిన పత్రంలో ఉన్న పేజ్‌ర్యాంక్ ఇదే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం, ఎందుకంటే చాలామంది దీన్ని సగమే అర్థం చేసుకున్నారు. పేజ్‌ర్యాంక్ అంటే లింకుల లెక్క అనుకుంటారు. ఉత్త లెక్కే అయితే పెద్ద విశేషమేముంది? అందులోని కిటుకు ఏమిటంటే, లింకు ఇచ్చే పేజీకి ఎంత విలువ ఉందో దాన్ని బట్టి ఆ లింకు విలువ ఉంటుంది. ఆ విలువ కూడా ఆ పేజీలోంచి బయటికి వెళ్లే లింకులన్నిటికీ పంచబడుతుంది. ఒక పేజీలో ఐదే లింకులుంటే మనకు వచ్చే వాటా ఒకలా ఉంటుంది, ఐదువందలుంటే ఇంకోలా ఉంటుంది. ఇప్పుడు చెప్పండి, వేల సైట్ల పేర్లు వరసగా పేర్చిన డైరెక్టరీలో మన పేరు చేర్పిస్తే ఒరిగేదేముంది? మొదటి సూత్రంలోనే దానికి విలువ లేదండీ.

తర్వాత ఇంకో మెట్టు ఎక్కారు. 2004లో గూగుల్ దాఖలు చేసిన ఒక పేటెంటు ఉంది, 2010లో మంజూరైంది. అందులో చెప్పింది ఇది: పేజీలో ఉన్న లింకులన్నీ సమానం కావు, చదివేవాళ్లు ఏ లింకును నొక్కే అవకాశం ఎక్కువో దానికి ఎక్కువ బరువు ఇవ్వొచ్చు. వ్యాసం మధ్యలో, వాక్యంలో కలిసిపోయి, "ఈ లెక్క ఎలా వేశారో ఇక్కడ వివరంగా ఉంది" అన్నట్టుగా వచ్చే లింకు ఉందనుకోండి. దాన్ని మనిషి నొక్కుతాడు. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో షరతులు, నిబంధనల పక్కన ఉన్న లింకును ఎవరు నొక్కుతారు? కాబట్టి లింకు మంచిదా కాదా అని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది ఇదే. ఆ లింకును నొక్కి ఒక్క మనిషైనా మీ సైటుకు వస్తాడా? వస్తాడంటే అది మంచి లింకు. పనిముట్లు ఇచ్చే స్కోర్లన్నీ ఆ తర్వాతే.

స్కోర్ల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. డొమైన్ అథారిటీ, అంటే డీఏ, ఒక సైటు ఎంత బలమైనదో చెప్పడానికి మోజ్ అనే సంస్థ తయారుచేసుకున్న అంచనా. డొమైన్ రేటింగ్ అనేది ఎహ్రెఫ్స్ అనే సంస్థది. రెండూ నూటికి లెక్క. పోల్చి చూసుకోవడానికి పనికొస్తాయి, నేనూ చూస్తాను. కానీ అవి గూగుల్ వాడే అంకెలు కావు. గూగుల్ తన పేజ్‌ర్యాంక్ అంకెను టూల్‌బార్‌లో జనానికి చూపించడం 2016లోనే ఆపేసింది. "డీఏ అరవై ఉన్న సైటు నుంచి లింకు ఇప్పిస్తాం" అని మీకు మెయిళ్లు వస్తుంటాయి కదా? ఆ అరవై ఎలా పెరిగిందో అడిగి చూడండి. ఎక్కడో మూతపడిన సంస్థ డొమైన్‌ను కొని, దాని పాత పేరు మీద లింకులు అమ్ముకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ర్యాంకుల కోసం పాత డొమైన్లను అలా వాడుకోవడాన్ని గూగుల్ 2024 మార్చిలో తన స్పామ్ నిబంధనల్లో పేరు పెట్టి మరీ చేర్చింది.

కొనడం గురించి ఒక నిజం కథ చెప్తాను. 2012 జనవరిలో గూగుల్ తన సొంత క్రోమ్ బ్రౌజర్ పేజీనే శిక్షించుకుంది. అవును, సొంత పేజీనే. క్రోమ్ ప్రచారం కోసం పెట్టుకున్న ఏజెన్సీ ద్వారా డబ్బిచ్చి రాయించిన పోస్టులు బయటపడ్డాయి. వాటిలో ఒకదాంట్లో క్రోమ్ పేజీకి ర్యాంకింగ్ లెక్కలోకి వచ్చే మామూలు లింకు ఉంది. నిబంధన ప్రకారం డబ్బిచ్చిన లింకు ర్యాంకింగ్‌కు పనికి రాకూడదు. దాంతో కనీసం అరవై రోజులపాటు క్రోమ్ పేజీ ర్యాంకును కిందికి దించారు. ఆ రోజుల్లో 'బ్రౌజర్' అని వెతికితే క్రోమ్ పేజీ పైన కనబడేది కాదు. దానికి ముందు ఏడాది, 2011 ఫిబ్రవరిలో, అమెరికాలో జేసీ పెన్నీ అనే పెద్ద దుకాణాల సంస్థ విషయం న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. సంబంధం లేని వందల సైట్ల నుంచి ఆ సంస్థ పేజీలకు లింకులున్నాయి. ఆ లింకుల సంగతి తమకు తెలియదని సంస్థ చెప్పింది, అయినా ర్యాంకులు కొన్ని గంటల్లోనే కూలిపోయాయి. నాకు తెలియదు, మా ఏజెన్సీ చేసింది అన్నా నష్టం సైటుదే. ఇక్కడ ఏజెన్సీలకు పని అప్పగించినవాళ్లు ఉంటే ఈ మాట గుర్తు పెట్టుకోండి. ప్రతి నెలా "ఎన్ని లింకులు కట్టారు" అని కాకుండా, ఒక్కో లింకు తెరిచి చూపించమనండి.

2012 ఏప్రిల్ 24న గూగుల్ ర్యాంకింగ్ పద్ధతిలో పెంగ్విన్ అనే మార్పు వచ్చింది. లింకుల్ని కృత్రిమంగా పేర్చుకున్న సైట్లు చాలా దాని కింద నలిగాయి. 2016 సెప్టెంబర్ నుంచి అది గూగుల్ ప్రధాన పద్ధతిలో భాగమైపోయింది. అప్పటినుంచి చెత్త లింకులకు శిక్ష వేయడం కన్నా వాటిని లెక్కలోంచి తీసేయడమే ఎక్కువ. ఇది విని కొందరు ఊపిరి పీల్చుకుంటారు. నాకైతే ఇదే ఎక్కువ బాధగా అనిపిస్తుంది. శిక్ష పడితే కనీసం తెలుస్తుంది. లెక్కలోంచి తీసేస్తే తెలియదు. డబ్బు కడుతూనే ఉంటారు, లింకులు వస్తూనే ఉంటాయి, సైటు అక్కడే ఉంటుంది. ఎన్ని చిన్న సంస్థలు ఇలా నెలనెలా డబ్బు పోగొట్టుకుంటున్నాయో తలచుకుంటే కోపం వస్తుందండీ.

సరే, మరి ఎలా సంపాదించాలి? ఇప్పుడు అసలు విషయానికి వద్దాం.

షెల్డన్ బ్రౌన్ అని అమెరికాలో ఒక సైకిల్ మెకానిక్ ఉండేవారు. 2008లో చనిపోయారు. సైకిల్ బాగుచేయడం గురించి తనకు తెలిసిందంతా ఒక సాదాసీదా వెబ్‌సైటులో రాసిపెట్టారు. అందులో టైర్ల సైజుల మీద ఒక పేజీ ఉంది. సైకిల్ టైర్ల సైజులు ఎంత గందరగోళమో తెలుసా? 26 అంగుళాలు అని రాసి ఉన్న టైర్లలో ఒకదానికొకటి సరిపోనివి చాలా ఉన్నాయి. 26 పక్కన 1.75 అని దశాంశంలో రాసి ఉంటే అది కూర్చునే రిమ్ము కొలత 559 మిల్లీమీటర్లు. 26 పక్కన 1 3/8 అని భిన్నంలో రాసి ఉంటే సాధారణంగా 590. పైన అంకె అదే 26, ఒకటి ఇంకోదానికి ఎక్కదు. ఇంకో పక్కన 700సీ అని, 29 అంగుళాలు అని వేరువేరు పేర్లతో అమ్మేవి రెండూ 622 మిల్లీమీటర్ల రిమ్ముకే. ఇవన్నీ పట్టికల్లో పెట్టారాయన.

ఇప్పుడు మీరు సైకిళ్ల గురించి రాసేవాళ్లనుకోండి. టైరు మార్చడం ఎలాగో వ్యాసం రాస్తున్నారు. పాఠకుడు తప్పు సైజు కొని తెచ్చుకుంటే మీ వ్యాసం దండగ. ఈ గందరగోళమంతా మీరే విప్పి చెప్పాలంటే ఇంకో పెద్ద వ్యాసం రాయాలి. ఏం చేస్తారు? "సైజుల పట్టిక ఇక్కడుంది, ముందు చూసుకోండి" అని లింకు పెడతారు. చూశారా, ఎవరూ అడగలేదు. ఎవరూ డబ్బివ్వలేదు. లింకు పెట్టకపోతే మీ పాఠకుడికే ఇబ్బంది కాబట్టి పెట్టారు. ఆయన పోయి ఇన్నేళ్లయినా ఆ పేజీలను జనం చూపిస్తూనే ఉన్నారు.

మంచి లింకు సంపాదించే పేజీని నేను ఇలాగే గుర్తుపడతాను. ఇతరులు తమ వ్యాసం రాస్తూ రాస్తూ ఎక్కడో ఒకచోట ఆగిపోతారు. ఇక్కడ ఒక లెక్క కావాలి, ఒక పట్టిక కావాలి, ఒక నిర్వచనం కావాలి, ఈ మాటకు ఆధారం కావాలి అని ఆగుతారు. మన పేజీ సరిగ్గా అక్కడ ఉండాలి. మీ రంగంలో జనం ఎక్కడ ఆగుతున్నారు? ఈ ఒక్కటి కనిపెట్టండి. మీ దగ్గరికి వచ్చే వినియోగదారులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు రాసుకోండి. వాటిలో వెబ్‌లో సరైన జవాబు లేని ప్రశ్న ఏది? ఉన్నా, పదేళ్ల పాతది, సగం తప్పుది ఏది? అక్కడ పని మొదలుపెట్టండి.

మీ దగ్గర మాత్రమే ఉన్న సమాచారం ఉందనుకోండి, అది ఇంకా మేలు. మీరు రిపేరు సేవ నడుపుతున్నారు. ఏ యంత్రంలో ఏ భాగం ముందు పాడవుతోందో మీ రికార్డుల్లో ఉంది. వినియోగదారుల పేర్లు, వివరాలు తీసేసి, ఎన్ని యంత్రాలు చూశారో, ఎలా లెక్కపెట్టారో స్పష్టంగా చెప్పి ప్రచురించండి. విలేకరి కానీ, పరిశోధకుడు కానీ ఆ అంకె వాడుకుంటే ఎక్కడిదో చెప్పాలి కదా. అప్పుడు లింకు దానంతట అదే వస్తుంది. కానీ ఒక మాట. ఎలా లెక్కపెట్టారో చెప్పకపోతే బాధ్యత ఉన్న విలేకరి ఎవరూ దాన్ని ముట్టుకోరు. అంకెలు కల్పించారో, ఒకసారి పోయిన నమ్మకం మళ్లీ రాదు.

ఎవరో చెయ్యెత్తారు... అడగండి. మైకు లేదు, నేనే మళ్లీ చెప్తాను. "మాది సేవలు అమ్మే సైటు, మా ధరల పేజీకి ఎవరు లింకు ఇస్తారు?" అంటున్నారు. చాలా మంచి ప్రశ్నమ్మా. ఎవరూ ఇవ్వరు. ఇవ్వనక్కర్లేదు కూడా. లింకులు వచ్చేది సమాచారం ఉన్న పేజీకి. ఆ పేజీలోంచి మీ సేవల పేజీకి మీరే లోపలి లింకు పెట్టండి. సందర్భం కలిసిన చోట, స్పష్టమైన మాటలతో పెట్టండి. బయటి నుంచి వచ్చిన విలువ ఆ దారిలో లోపలికి ప్రవహిస్తుంది. మీ సైటులో మీ చేతిలో ఉన్న పనే ఇది, చాలామంది వదిలేస్తారు. ఇంకోటి, ఆ లింకు హెచ్‌టీఎంఎల్‌లో మామూలు లింకు ట్యాగు (a), అందులో చిరునామా చెప్పే హెచ్‌రెఫ్‌తో ఉండాలి. నొక్కితే జావాస్క్రిప్టుతో మాత్రమే తెరుచుకునే బటన్ అయితే గూగుల్ క్రాలర్ (పేజీలను తిరిగి చదివే ప్రోగ్రామ్) దాన్ని అనుసరిస్తుందన్న భరోసా లేదు.

మంచి పేజీ తయారైంది. అక్కడితో అయిపోయిందా? లేదు. అది ఉందని జనానికి తెలియాలి. ఇక్కడ సిగ్గుపడాల్సిన పని లేదు, చెప్పొచ్చు, అడగొచ్చు. కానీ ఎవరిని అడుగుతున్నాం, ఎలా అడుగుతున్నాం అన్నదే తేడా.

నాకు బాగా నచ్చిన పద్ధతి విరిగిపోయిన లింకులు వెతకడం. మీ రంగంలో 'ఉపయోగపడే వనరులు' అని పేజీలు నడిపేవాళ్లు ఉంటారు. గ్రంథాలయాలు, కళాశాలలు, సంఘాలు. ఆ పేజీల్లో పాత లింకులు చాలా చనిపోయి ఉంటాయి. నొక్కితే 404 అని, అంటే ఆ పేజీ లేదని వస్తుంది. ఆ పాత చిరునామాను ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో పెట్టి చూడండి. అక్కడ ఒకప్పుడు ఏముండేదో కనబడుతుంది. అది నిజంగా మీరు రాయగలిగిన విషయమేనా? అయితే దానికన్నా బాగా, తాజాగా రాయండి. అప్పుడు మెయిల్ పెట్టండి. ఎలా పెట్టాలో చదివి వినిపిస్తాను.

"నమస్కారం. మీ వనరుల పేజీలో టైర్ల సైజుల గురించి ఉన్న మూడో లింకు ఇప్పుడు పనిచేయడం లేదు, 404 వస్తోంది. అదే విషయం మీద మేము ఈమధ్య ఒక పట్టిక తయారుచేశాం, చిరునామా కింద ఇస్తున్నాను. మీ పాఠకులకు ఉపయోగపడుతుందనిపిస్తే వాడుకోండి. వాడుకోకపోయినా ఆ పాత లింకు తీసేస్తే బాగుంటుందని రాస్తున్నాను."

అంతే. ఈ మెయిల్‌లో ఏముందో గమనించండి. ఏ పేజీ, ఎన్నో లింకు అని ఖచ్చితంగా ఉంది. అంటే ఈ మనిషి నిజంగా చదివాడు. మన పేజీ పెట్టుకోకపోయినా అవతలివాళ్లకు ఒక మేలు జరిగింది. దీన్ని, "గౌరవనీయులైన వెబ్‌మాస్టర్ గారికి, మీ అద్భుతమైన సైటు చూశాను" అని వేలమందికి ఒకేసారి వెళ్లే మెయిల్‌తో పోల్చుకోండి. మీరైతే దేనికి జవాబిస్తారు? జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తు చేయండి, చాలు. వాళ్ల ఇన్‌బాక్స్ వాళ్లది, అంతకు మించి వెంటపడకండి.

ఇంకా సులువైనది ఒకటుంది. మీ సంస్థ పేరు, మీరు రాసిన విషయం ఎవరో ఇప్పటికే ప్రస్తావించి ఉంటారు, లింకు మాత్రం పెట్టి ఉండరు. వాళ్లకు మీరెవరో తెలుసు. కృతజ్ఞత చెప్పి, లింకు కూడా ఇస్తే చదివేవాళ్లకు సులువవుతుందని రాయండి. చాలామంది సంతోషంగా చేస్తారు.

అడిగేటప్పుడు ఒక జాగ్రత్త. లింకులో ఏ మాటలుండాలో మీరు చెప్పకండి. లింకుగా కనబడే ఆ మాటలనే యాంకర్ టెక్స్ట్ అంటాం. ఆ మాటలకు బలం ఎక్కువ, అందులో సందేహం లేదు. 2003లో 'మిజరబుల్ ఫెయిల్యూర్' (ఘోర వైఫల్యం) అనే మాటలతో చాలామంది కూడబలుక్కుని అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్ జీవిత వివరాల పేజీకి లింకులు పెట్టారు. ఆ పేజీలో ఆ మాటలే లేవు. అయినా గూగుల్‌లో ఆ మాటలు వెతికితే ఆ పేజీ పైకి వచ్చింది. 2007 జనవరిలో గానీ గూగుల్ దాన్ని సరిదిద్దలేదు. అంత బలం ఉంది కాబట్టే అక్కడ నిఘా కూడా ఉంది. వేరువేరు మనుషులు వాళ్ల మాటల్లో వాళ్లు రాస్తే ఒకరు మీ పేరు రాస్తారు, ఒకరు 'ఈ పట్టిక' అంటారు, ఒకరు చిరునామానే అతికిస్తారు. అందరూ ఒకేలా 'చౌక సైకిల్ టైర్లు' అని రాశారంటే, వెనక ఒకే చెయ్యి ఉందని యంత్రానికి కూడా తెలుస్తుంది.

గెస్ట్ పోస్టుల, అంటే వేరేవాళ్ల సైటులో మనం రాసే వ్యాసాల సంగతి రెండు మాటల్లో. మీరు చెప్పాల్సింది ఉండి, ఆ సైటు పాఠకులకు అది కావాల్సి ఉంటే రాయండి. లింకు కోసమే అయితే వద్దు. గూగుల్‌లో స్పామ్ బృందానికి నాయకత్వం వహించిన మ్యాట్ కట్స్ 2014 జనవరిలోనే ఆ దారి మూసుకుపోయిందని రాశారు.

ఇంకో ప్రశ్న... "నోఫాలో లింకు వస్తే దండగేనా?" దండగ కాదండీ. నోఫాలో అంటే ఈ లింకును ర్యాంకు లెక్కలో వేయొద్దని గూగుల్‌కు చెప్పే గుర్తు. అది 2005లో వచ్చింది, వ్యాఖ్యల కింద చెత్త లింకులు పెట్టేవాళ్లను అడ్డుకోవడానికి. 2019 సెప్టెంబర్‌లో గూగుల్ దానికి తోడు స్పాన్సర్డ్, యూజీసీ అనే రెండు గుర్తులు తెచ్చింది. డబ్బిచ్చిన లింకుకు మొదటిది, వాడుకరులు పెట్టిన లింకుకు రెండోది. వీటన్నిటినీ ఆజ్ఞలుగా కాకుండా సూచనలుగా తీసుకుంటామని కూడా అప్పుడే చెప్పింది. అదలా ఉంచండి. వికీపీడియా బయటికిచ్చే లింకులన్నీ నోఫాలోనే. అయినా అక్కడ ఆధారంగా ఉన్న పేజీని చూసి వచ్చే పాఠకుల్లో విలేకరులుంటారు, పరిశోధకులుంటారు. వాళ్లు రేపు తమ వ్యాసంలో మామూలు లింకు ఇస్తారు. అలాగని మీ పేజీ లింకును మీరే వెళ్లి వికీపీడియాలో చొప్పించకండి, అక్కడి సంపాదకులు తీసేస్తారు, తీసేయాలి కూడా.

ఇదంతా చేశాక ర్యాంకు ఎప్పుడు మారుతుంది? వారంలో మార్చేస్తామనేవాళ్లను నమ్మకండి. లింకు ఇచ్చిన పేజీని గూగుల్ మళ్లీ చూడాలి, లెక్క మారాలి, పోటీ సైట్లు కూడా ఊరికే కూర్చోవు. నెలలు పడుతుంది. ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. లింకుల బరువు మునుపటంత లేదు. 2024 మార్చిలో గూగుల్ తన స్పామ్ నిబంధనల పేజీలో లింకులు 'ముఖ్యమైన అంశం' అని ఉన్నచోట 'ముఖ్యమైన' అనే మాట తీసేసి, ఉత్త 'అంశం' అని ఉంచింది. అయితే లింకులు వదిలేద్దామా? నేను వదలమనను. పేజీ బాగోలేకపోతే లింకులు కాపాడలేవు, అంతవరకు నిజం. కానీ ఇంత పోటీ ఉన్నచోట రెండు పేజీలూ బాగుంటే, పదిమంది నమ్మి చూపించిన పేజీకి మొగ్గు ఉంటుంది.

చివరి ప్రశ్న తీసుకుందాం. "ఇప్పటికే చెత్త లింకులు చాలా ఉన్నాయి, డిజావో చేయాలా?" డిజావో పనిముట్టు 2012 అక్టోబర్‌లో వచ్చింది. ఫలానా లింకుల్ని నా లెక్కలో వేయొద్దు అని గూగుల్‌కు చెప్పుకోవడం. ఎవరో తెలియనివాళ్లు పెట్టిన చెత్త లింకుల గురించి టెన్షన్ పడకండి, వాటిని గూగుల్ మామూలుగా పట్టించుకోదు. సెర్చ్ కన్సోల్‌లో (సైటు యజమానుల కోసం గూగుల్ ఇచ్చే పనిముట్టు) మాన్యువల్ యాక్షన్ అని, అంటే మనుషులు చూసి శిక్ష వేశారని నోటీసు వచ్చినా, గతంలో మీరే లింకులు కొని ఉండి నోటీసు వస్తుందన్న అనుమానం ఉన్నా అప్పుడు వాడండి. ముందు ఆయా సైట్లకు రాసి తీయించే ప్రయత్నం చేయండి, తీయనివాళ్లవే ఫైల్లో పెట్టండి. తొందరపడి మంచి లింకులు కూడా అందులో వేశారంటే మీ ర్యాంకును మీరే తగ్గించుకున్నట్టు.

దానికన్నా ముందు చేయాల్సింది వేరే ఉంది. రేపు సెర్చ్ కన్సోల్ తెరిచి లింక్స్ నివేదిక చూడండి. బయటి నుంచి ఎక్కువ లింకులున్న మీ పేజీల జాబితా అక్కడ ఉంటుంది. ఒక్కో చిరునామా నొక్కి చూడండి. సైటు కొత్తగా డిజైన్ చేయించినప్పుడు చిరునామాలు మారిపోయి, వాటిలో కొన్ని 404 ఇస్తుండొచ్చు. ఎవరో మీ మీద నమ్మకంతో ఎప్పుడో ఇచ్చిన లింకు ఖాళీ గోడకు తగులుతోందన్నమాట. అలాంటి ప్రతి పాత చిరునామాను, అదే విషయం ఉన్న కొత్త పేజీకి 301 రీడైరెక్టుతో, అంటే శాశ్వత దారి మళ్లింపుతో కలపండి. అన్నిటినీ తీసుకెళ్లి హోమ్ పేజీకి కలపొద్దు, అలా చేస్తే గూగుల్ దాన్ని లేని పేజీగానే చూసే అవకాశం ఉంది. ఆ పేజీ మీద ఉన్న విషయం ఇప్పుడు మీ సైటులో ఎక్కడా లేదా? అయితే మళ్లీ రాసి, అదే పాత చిరునామాలో పెట్టండి.